కొలతలకు నూటికి తొంభై, పనితనానికి యాభై: మా హోటల్‌లో చేయించిన ఎనర్జీ ఆడిట్‌పై సమీక్ష

కడపలో ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక మూడంతస్తుల హోటల్‌కు నేను తొమ్మిదేళ్లుగా మేనేజరుగా పనిచేస్తున్నాను. నలభై ఆరు గదులు, కింద శాకాహార భోజనశాల, మొదటి అంతస్తులో మూడు వందల మంది కూర్చునే ఫంక్షన్ హాలు ఉన్న భవనం మాది. 2023 మే నెలలో కరెంటు వాడకం 28,300 యూనిట్లకు చేరినప్పుడు మా యజమాని ఆ బిల్లును నా బల్ల మీద పెట్టి, "దీని సంగతేందో చూడప్పా" అని ఒక్క మాట అని వెళ్లిపోయారు. ఆ సంగతి చూడడానికి పిలిపించిన బెంగళూరు సంస్థ గురించే ఈ సమీక్ష. భవనాల్లో చల్లదనానికీ వేడినీళ్లకూ అయ్యే విద్యుత్తును కొలిచి, ఎక్కడ వృథా అవుతున్నదో చూపించి, కావాలంటే మరమ్మతులు కూడా తామే చేసిపెట్టడం వారి వ్యాపారం. వారితో కొన్ని లెక్కలు ఇంకా తేలవలసి ఉన్నందువల్ల పేరు రాయడం లేదు.

ముందుగా వారి కొలతల గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సేవలో నిజంగా డబ్బు పెట్టదగిన భాగం అదే. రోహిణి కార్తె చివరి వారంలో, అంటే జూన్ మొదట్లో, ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. వారిలో ఒకరు కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహించే జాతీయ పరీక్షలో ఉత్తీర్ణులై సర్టిఫికెట్ పొందిన ఎనర్జీ ఆడిటర్. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన ఆ బ్యూరోనే ఏసీల మీద మనం చూసే నక్షత్రాల చీటీని కూడా ఇస్తుంది. సంస్థను ఎంచుకునేటప్పుడు మొట్టమొదట ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి స్వయంగా మన భవనానికి వస్తాడా, లేక నివేదిక మీద సంతకం మాత్రమే పెడతాడా అని అడిగి తెలుసుకోవడం మంచిది. మాకు ఆయన స్వయంగా వచ్చి, ప్యానెల్ గదిలో ఒక్కొక్క ఫీడరుకూ, అంటే భవనంలో ఒక్కో భాగానికి కరెంటు తీసుకెళ్లే లైనుకూ, మీటర్లు తగిలించి, ఏడు రోజులు రాత్రింబవళ్లు రికార్డు చేయించారు. పెళ్లి ఉన్న రోజు, లేని రోజు, గదులు నిండిన రోజు, ఖాళీగా ఉన్న రోజు అన్నీ అందులో పడ్డాయి.

ఫంక్షన్ హాలుకు ఒక్కొక్కటి ఎనిమిదిన్నర టన్నుల సామర్థ్యమున్న నాలుగు డక్టబుల్ యూనిట్లు, అంటే సీలింగు పైన డక్టులనే గాలి గొట్టాల ద్వారా చల్లగాలి పంపే ఏసీలు ఉన్నాయి. టన్ను అంటే ఇక్కడ బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ ఇరవై నాలుగు గంటల్లో పూర్తిగా కరిగేటప్పుడు ఎంత వేడిని లాగుకుంటుందో అంత వేడిని తీసివేసే శక్తికి అది పాతకాలపు కొలమానం, మన లెక్కలో సుమారు మూడున్నర కిలోవాట్ల వేడి. హాలు చల్లబడడం లేదని పెళ్లివారు గొణిగినప్పుడల్లా మేము గ్యాసు నింపించడమో, ఉష్ణోగ్రతను పద్దెనిమిదికి దించడమో చేసేవాళ్లం. యూనిట్లు పాతబడ్డాయి, మార్చడం తప్పదు అని మా ఎలక్ట్రీషియన్ కూడా నమ్మకంగా చెబుతుండేవాడు.

ఆడిటర్ మాత్రం గ్యాసు జోలికి వెళ్లకుండా, గ్రిల్లు దగ్గర గాలి వేగాన్నీ, లోపలికి వెళ్లే గాలి, బయటికి వచ్చే గాలి రెండింటి ఉష్ణోగ్రతనూ తేమనూ కొలిచి, ఒక యూనిట్ నిజంగా ఎంత చల్లదనం ఇస్తున్నదో కాగితం మీద లెక్క కట్టారు. ఎనిమిదిన్నర టన్నులు ఇవ్వవలసిన యంత్రం అయిదున్నర టన్నులే ఇస్తున్నది, కరెంటు మాత్రం పది కిలోవాట్లకు పైగా తీసుకుంటున్నది. అంటే ఒక్కో టన్నుకు 1.85 కిలోవాట్లు ఖర్చవుతున్నది. ఆ సంఖ్య కనబడగానే ఏ అమ్మకందారు అయినా కొత్త యంత్రం కొనమని చెబుతాడు. ఈయన నిచ్చెన తెప్పించుకుని ఫాల్స్ సీలింగులోకి తల దూర్చి, యూనిట్‌నూ డక్టునూ కలిపే కాన్వాస్ గుడ్డ ఒక పక్క మూరెడు పొడవున చిరిగి ఉండడం నాకు చూపించారు. డబ్బు పెట్టి చల్లబరచిన గాలి హాలులోకి రాకుండా, జనం కంటికి కనబడని సీలింగు పైభాగంలోకి పోతున్నది. నేను చెయ్యి పెట్టి చూస్తే ఆ చిరుగు దగ్గర మా వరండా పంకా కంటే గట్టిగా గాలి కొట్టింది. గాలిని చల్లబరచే కాయిల్ మీద దుమ్మూ, వంటగది నుంచి వచ్చిన నూనె జిడ్డూ కలిసి అట్టలు కట్టి ఉన్నాయి.

డాబా మీద పరిస్థితి ఇంకా విచిత్రంగా ఉంది. నాలుగు అవుట్‌డోర్ యూనిట్లనూ నాలుగడుగుల పిట్టగోడ వెనక, ఒకదాని ముఖం ఇంకొకదానికి ఎదురుగా ఉండేటట్లు పదేళ్ల కిందట ఎవరో బిగించారు. బయటి నుంచి చూసేవారికి అందంగా ఉండాలని అలా చేసి ఉంటారు. ఆ మధ్యాహ్నం బయటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు ఉండగా ఆ యంత్రాలు పీల్చే గాలి 48 డిగ్రీలుంది. ఒకటి వదిలిన వేడిగాలిని రెండోది పీల్చి, మరింత వేడి చేసి, మళ్లీ మొదటిదానికే అప్పగిస్తున్నది. వేడిని బయట పారేయడం ఎంత కష్టమైతే కంప్రెసర్ అంత ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. డిగ్రీకి సుమారు రెండు మూడు శాతం అని ఈ రంగంలో వేసుకునే లెక్క. పాలకొండల నడుమ చిక్కుకుని మామూలుగానే ఉడికిపోయే ఊళ్లో, చేతులారా మరో ఆరు డిగ్రీలు కొని తెచ్చుకున్నాం. దీనికి పరిష్కారం నాలుగు ఇనుప స్టాండ్లు చేయించి, యంత్రాలను పిట్టగోడ కంటే ఎత్తుకు లేపి, ఒకదానికొకటి వీపు చూపేటట్లు దూరంగా జరపడమే.

అదే డాబా మీద మాకు ఇంకో సంగతి తెలిసింది. మా భవనం కట్టినప్పుడు పైకప్పు మీద చవకగా దొరికే కడప నల్లబండలే పరిచారు. ఆ రాయి మన జిల్లాకు పేరు తెచ్చిందన్న మాట నిజమే గాని, నల్లటి రాతిని ఎండలో పరిస్తే ఏమవుతుందో చెప్పులు లేకుండా ఆ డాబా ఎక్కినవారెవరికైనా తెలుసు. థర్మల్ కెమెరాలో మధ్యాహ్నం రెండు గంటలకు బండల ఉపరితలం 64 డిగ్రీలు చూపింది. రాత్రి పది గంటలకు పై అంతస్తు గదుల్లో, ఏసీ నడుస్తుండగానే, సీలింగు 39 డిగ్రీలుంది. కాంక్రీటు పగలంతా తాగిన వేడిని రాత్రంతా గదిలోకి కక్కుతూ ఉంటుంది, సరిగ్గా అతిథులు పడుకునే వేళకే. జమ్మలమడుగు వైపు మా తాతగారి ఇంటికి చవుడు మిద్దె ఉండేది. రెండడుగుల మట్టి, మధ్యలో గవాక్షి, ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల హాయిగా నిద్ర పట్టేది. ఆ మిద్దెను పడగొట్టి స్లాబు వేసిన వాళ్లలో మేమూ ఉన్నాం కాబట్టి ఇక్కడ ఎవరినీ తప్పుపట్టలేను.

సంస్థవారు వేడిని వెనక్కి కొట్టే తెల్లరంగు వేయిద్దామన్నారు. మన ఊరి దుమ్ముకు ఆ రంగు రెండు నెలల్లో ఎర్రబడుతుందనీ, ఎర్రబడితే పని తగ్గుతుందనీ నాకు అనిపించి, పగిలిన తెల్ల పింగాణి టైలు ముక్కలు పరిపించాం. ఖర్చు రంగు కంటే ఎక్కువే అయింది గాని, పదిహేను రోజులకొకసారి నీళ్లు కొట్టి కడిగితే సరిపోతున్నది. మరుసటి వేసవిలో అదే కెమెరాతో చూసినప్పుడు ఉపరితలం 46 డిగ్రీలు, రాత్రి సీలింగు 34 డిగ్రీలు వచ్చాయి. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చినది ఇదే, ఎందుకంటే ఇందులో పాడయ్యే యంత్రమేదీ లేదు.

భోజనశాల విషయంలో ఆడిటర్ వాడిన పరికరం అగరుబత్తి. వంటగదికీ భోజనశాలకూ మధ్య ఉన్న తలుపు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకుని నిలబడ్డారు. పొగ ఒక్క క్షణం కూడా పైకి లేవకుండా, ఎవరో తాడు కట్టి లాగినట్లు నేరుగా వంటగదిలోకి పోయింది. పొయ్యిల మీద ఉన్న పెద్ద ఎగ్జాస్టు ఫ్యాను బయటికి తోసే గాలికి బదులుగా వంటగదిలోకి తాజా గాలి వచ్చే దారి మేము పెట్టలేదు. అందువల్ల అది భోజనశాలలోని చల్లగాలిని లాగి బయట పారేస్తున్నది, ఆ ఖాళీని పూడ్చడానికి వీధిలోని వేడిగాలి ముందు తలుపు సందుల్లోంచి లోపలికి వస్తున్నది. తలుపు దగ్గరి బల్లల మీద కూర్చున్నవారికి ఎప్పుడూ ఉక్కగా ఎందుకుంటుందో నాకు ఆ రోజే అర్థమైంది. వంటగది వెనక గోడకు కిటికీ తెరిచి, బయటి గాలిని పొయ్యిల పక్కకే తెచ్చే చిన్న ఫ్యాను ఒకటి పెట్టించాం. వంటవాళ్లు మొదట వేడిగాలి వస్తోందని సణిగారు, తర్వాత అలవాటుపడ్డారు.

గదులకు వేడి చేసే యంత్రాల అవసరం కడపకు ఏనాడూ లేదు; మాకు వేడి అంటే స్నానపు నీళ్లే. మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే చన్నీళ్లు దొరకక అతిథులు ఫిర్యాదు చేస్తారు గాని, డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం అయిదున్నరకు నలభై గీజర్లు ఒకేసారి వెలుగుతాయి. మాది హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ కాబట్టి యూనిట్లకే గాక, నెలలో ఒక్కసారి తాకిన గరిష్ఠ డిమాండుకు, అంటే భవనమంతా కలిసి ఒకే సమయంలో లాగిన అత్యధిక లోడుకు కూడా, కేవీఏ అనే కొలత చొప్పున చెల్లించాలి. మా గరిష్ఠ డిమాండు ఎండాకాలంలో వస్తుందని అనుకునేవాణ్ణి. రికార్డులు తిరగేస్తే అంతకు ముందు సంవత్సరం అది జనవరిలో, ఒక ఆదివారం తెల్లవారుజామున వచ్చింది. గీజర్ల బదులు హీట్ పంపు పెట్టమని నివేదిక చెప్పింది. అది ఏసీని తిరగేసినట్టు పనిచేస్తుంది, గాలిలోని వేడిని పట్టి నీళ్లలోకి ఎక్కిస్తుంది. రెండు వేల లీటర్ల నీటిని పాతిక డిగ్రీలు వేడెక్కించడానికి గీజర్లకు 58 యూనిట్లు అవసరమైతే, హీట్ పంపుకు ఇరవై యూనిట్లు చాలు. లెక్కలో తప్పేమీ లేదు. ఆచరణలో ఏం జరిగిందో కిందికి వస్తుంది.

నివేదిక డెబ్బై పేజీలది, ఇంగ్లీషులోనే ఇచ్చారు. తెలుగులో నాలుగు పేజీల సారాంశం ఇచ్చి ఉంటే మా ఎలక్ట్రీషియన్ కూడా చదువుకునేవాడు. అయినా ఒక్కో పనికి ఎంత ఖర్చు, ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందన్నది స్పష్టంగా రాశారు. ఇక్కడి వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదులు ఆ తర్వాత మొదలయ్యాయి. ఆడిట్ చేసిన ఇంజనీరు వెళ్లిపోయి, అదే సంస్థ నుంచి అమ్మకాల మనిషి వచ్చాడు. గదుల స్ప్లిట్ ఏసీలన్నీ తీసేసి వీఆర్‌ఎఫ్ పెట్టమని ఆయన సలహా. ఒక పెద్ద అవుట్‌డోర్ యూనిట్ నుంచి పదిహేను ఇరవై గదులకు గ్యాసు పంపుతూ, ఎన్ని గదులు నడుస్తున్నాయో చూసుకుని వేగాన్ని మార్చుకునే పద్ధతి అది. సగం గదులు ఖాళీగా ఉండే రోజుల్లో దాని పొదుపు నిజమే. కానీ ఆ ఒక్క యూనిట్‌లో దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ కార్డు కాలిపోతే ఇరవై గదులు ఒకేసారి ఆగుతాయి, కార్డు చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాలి, దాన్ని విప్పి చూడగల మెకానిక్ కడపలో ఆ రోజు దొరకాలి. ఒంటిమిట్ట కల్యాణం రాత్రి ఒక్క గది కూడా ఖాళీ లేనప్పుడు అలా జరిగితే అతిథులకు సమాధానం చెప్పవలసింది నేను. నిజానికి నివేదికలో వీఆర్‌ఎఫ్ ఆఖరి వరుసలో, డబ్బు తిరిగి రావడానికి ఎక్కువ కాలం పట్టే పనిగా ఉంది. తమ ఆడిటర్ రాసిన మాటను తమ అమ్మకాల మనిషే పక్కన పెట్టడం నాకు నచ్చలేదు.

చివరకు పై అంతస్తులో పద్దెనిమిది గదుల్లో ఆర్-22 గ్యాసుతో నడిచే పాత ఏసీలను తీసేసి ఆర్-32 గ్యాసుతో నడిచే అయిదు నక్షత్రాల ఇన్వర్టర్ స్ప్లిట్లు పెట్టించాం. ఆర్-22 ఓజోన్ పొరకు హాని చేస్తుంది కాబట్టి దాన్ని ప్రపంచమంతా వదిలించుకుంటున్నది. ఆర్-32కు ఆ దోషం లేదు గాని కొద్దిగా మండే గుణముంది. బిగించడానికి వచ్చిన కుర్రవాళ్లు సంస్థ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మీద తెచ్చినవాళ్లు. గొట్టంలో గాలినీ తేమనూ వాక్యూం పంపుతో లాగకుండా, కొంచెం గ్యాసు వదిలి ఊదేసి సరిపెట్టబోతుంటే మా ఎలక్ట్రీషియనే అడ్డుకున్నాడు. తేమ లోపల మిగిలితే కంప్రెసర్ ఎంతకాలం ఉంటుందో చెప్పలేం. ఆ పని చూసుకోవలసిన సూపర్‌వైజరు ఆ రోజు రానే లేదు.

గదుల్లో మనిషి లేనప్పుడు ఏసీ ఆగిపోవడానికి మాకు కీకార్డు స్విచ్చులు ముందు నుంచీ ఉన్నాయి. అతిథులు అందులో పాత విజిటింగ్ కార్డు పెట్టి బయటికి వెళ్తారని అందరికీ తెలిసినదే. దానికి విరుగుడుగా సంస్థవారు కదలికను పసిగట్టే సెన్సార్లు అమర్చారు. మూడో రాత్రి రెండు గంటలకు ప్రొద్దుటూరు నుంచి పెళ్లికి వచ్చిన ఒక పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని రిసెప్షన్ దగ్గరికి వచ్చి, "ఏం నాయనా, మనిషి కదలకుండా నిద్రపోతే ఏసీ ఆపేస్తిరే, రాత్రంతా పొర్లుతా ఉండాల్నా?" అని అడిగారు. ఆయనకు క్షమాపణ చెప్పి వేరే గది ఇచ్చాను. ఆ సెన్సార్లు కదలికను మాత్రమే చూస్తాయి, కదలని మనిషి వాటికి లేనట్టే. పడకగదిలో అలాంటిది పెట్టేముందు తలుపు మూసి ఉందా తెరిచి ఉందా అన్నది కూడా చూసే స్విచ్చు కలపాలన్నది ఈ పనిలో ఉన్నవారికి తెలియని సంగతేమీ కాదు. తలుపు స్విచ్చులు వచ్చేసరికి అయిదు వారాలు పట్టింది. అంతవరకు సెన్సార్లన్నీ ఆపి ఉంచాం.

హీట్ పంపు కథ ఇంకొంచెం పొడవు. యంత్రమూ ట్యాంకూ డాబా మీద పెట్టారు, కిందికి గొట్టాలు వేశారు, కానీ వాడని నీళ్లను తిరిగి ట్యాంకుకు చేర్చే రిటర్న్ లైను వేయలేదు. దాంతో కింది గదుల్లో ఉదయం కుళాయి తిప్పితే గొట్టంలో రాత్రంతా చల్లారిన నీళ్లన్నీ పోయాకే వేడినీళ్లు వస్తాయి. నేను వాచీ పెట్టి చూశాను, ఒక బకెట్ నిండి రెండో బకెట్ సగమయ్యాక వెచ్చబడ్డాయి. నీటి కరువు తెలిసిన జిల్లాలో ఈ వృథా కరెంటు వృథా కంటే బాధ కలిగించింది. పైగా మా బోరు నీళ్లు ఉప్పురకం. గొట్టాల్లో పెచ్చు కట్టకుండా నీటిని మార్చే సాఫ్ట్‌నర్ పెట్టాలని నివేదికలో ఉన్నా, బిల్లు తగ్గించి చూపడానికి కొటేషన్‌లో దాన్ని తీసేశారు. నాలుగు నెలలకే లోపలి గొట్టాల్లో తెల్లటి పెచ్చు కట్టి నీళ్లు వేడెక్కడం మందగించింది. ఫోన్ చేసిన పన్నెండు రోజులకు మనిషి వచ్చాడు. ఈలోగా పాత గీజర్లను స్టోర్ రూములోంచి బయటికి తీశాం.

ఇక డబ్బు సంగతి. హాలు మరమ్మతులు, హాలు ఏసీల గాలి ఫ్యాన్లయిన బ్లోయర్లకు వేగం తగ్గించే డ్రైవులు, సెన్సార్లు కలిపి ఒక ఒప్పందంగా, ఆదా అయిన మొత్తంలో వాటా తీసుకునే పద్ధతిలో ఇచ్చాం. ఆ డ్రైవుల గురించి ఒక మాట చెప్పాలి. ఫ్యాను వేగాన్ని ఎనభై శాతానికి తగ్గిస్తే అది తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. తెల్లవారుజామున ముహూర్తమైతే హాలులో వందమంది కూడా ఉండరు. అప్పుడు బ్లోయర్లను పూర్తి వేగంతో తిప్పే అవసరం లేదని ఇప్పుడు మా హాలు కుర్రవాడికి కూడా తెలుసు. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అవుతుందని బ్యూరో చెబుతుంది. 2020 జనవరి నుంచి గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలు కావాలన్న నియమం ఉద్దేశం కూడా అదే. హాలును మేము 24 దగ్గర ఉంచితే పట్టుచీరల వారు కూడా ఏమీ అనలేదు, ఎందుకంటే ఇప్పుడు చల్లగాలి నిజంగా కిందికి వస్తున్నది.

2024 మే బిల్లు రాగానే సంస్థ ఉత్సాహంగా లెక్క పంపింది. 28,300 యూనిట్లు కాస్తా 18,900కు దిగాయి, అంటే 33 శాతం ఆదా, దానిలో మా వాటా పంపండి అని రాశారు. ఆ లెక్క చూసి నాకు నవ్వు వచ్చింది. 2024లో మే, జూన్ నెలలు మూఢమి. ముహూర్తాలు లేవు, మా హాలు తాళం తీసింది రెండు సార్లే, అదీ బ్యాంకు మీటింగులకు. పెళ్లిళ్లు లేనందువల్ల మిగిలిన కరెంటును కూడా తమ గొప్పతనంగా వేసుకున్నారు. ఒప్పందంలో గదుల నిండుదలకు సర్దుబాటు ఉంది గాని, హాలు వాడిన రోజులకు లేదు. పంచాంగం చూడకుండా కడపలో ఫంక్షన్ హాలు ఆదా లెక్క కట్టరాదని మెయిల్‌లో రాస్తే, మూఢమి అంటే ఏమిటని వారి అకౌంట్స్ విభాగం తిరిగి అడిగింది. బెంగళూరులో పెళ్లిళ్లకు ముహూర్తాలు చూడరా అని నేను రాయలేదు.

2025 మే మాత్రం పోల్చదగిన నెల. పెళ్లిళ్లు 2023 లెక్కకు దగ్గరగా ఉన్నాయి, గదులూ అలాగే నిండాయి. ఆ నెల 22,100 యూనిట్లు వచ్చాయి, దాదాపు 22 శాతం తగ్గుదల. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి, మనకు కూడా నెలాఖరు చల్లగానే గడిచింది కాబట్టి, దానికి రెండు మూడు శాతం తీసివేసి, పందొమ్మిది ఇరవై శాతం దగ్గర ఆదా వచ్చిందని నేను లెక్కవేసుకున్నాను. అది చిన్న మొత్తం కాదు. అందులోనూ పెద్ద భాగం స్టాండ్లు, కాన్వాస్ గుడ్డ, కాయిల్ కడగడం, వంటగది ఫ్యాను, డాబా మీది తెల్ల టైలు ముక్కల వల్లనే వచ్చింది. హాలు మరమ్మతుల ఖర్చు ఒక్క వేసవిలో తిరిగి వచ్చింది. హీట్ పంపు ఖర్చు ఎప్పుడు తిరిగి వస్తుందో రిటర్న్ లైను వేశాక చూడాలి.

కర్నూలు, అనంతపురం, కడపల్లో హోటలో, బట్టల షోరూమో, నర్సింగ్ హోమో నడిపేవారు ఇలాంటి సేవను తీసుకోదలిస్తే, ఆడిట్‌ను ఒక పనిగా, బిగింపును వేరే పనిగా, వీలైతే వేరువేరు చేతులకు ఇమ్మని నా సలహా. వంద కిలోవాట్ల కనెక్టెడ్ లోడుకు పైబడి కొత్తగా కట్టేవారైతే ప్లాను దశలోనే భవనాలకు వర్తించే ఇంధన పొదుపు కోడు చూసుకోవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ఆ కోడును తన పద్ధతిలో 2014లోనే తెచ్చుకుంది. మాది అంతకు ముందు కట్టిన భవనం కనుక మమ్మల్ని ఎవరూ నిర్బంధించలేదు. ఆడిట్ ఫీజు ఆడిట్‌కే చెల్లించండి, "పని మాకిస్తే ఫీజు మాఫీ" అన్న మాటకు లొంగవద్దు. ఆదాలో వాటా ఇచ్చే ఒప్పందమైతే గదుల లెక్క, హాలు వాడిన రోజులు, ఆ నెల ఎండల లెక్క మూడూ అందులో రాయించండి.

కొలతలకు, నివేదికకు నూటికి తొంభై మార్కులు ఇస్తాను. బిగింపుకు, అమ్మకం తర్వాత సేవకు యాభై, అది కూడా పెచ్చు తీయడానికి ఆలస్యంగానైనా వచ్చి రెండు రోజులు కూర్చుని శుభ్రంగా పనిచేసిన కుర్రవాడి ముఖం చూసి. చివరి విడత డబ్బులో కొంత రిటర్న్ లైను వేసేవరకు మా దగ్గరే ఉంచుకున్నాం. గొట్టాలు గత వారం లారీలో దిగాయి, ప్రస్తుతానికి మెట్ల కింద ఉన్నాయి. బిగించడానికి మనుషులు సోమవారం వస్తామన్నారు.